వేడిపాల ఉప్పలమ్మ

కోస్గి అంగట్లో పాలగిన్నె మీద చేతులు పెట్టి చలి కాచుకున్నవాళ్ళు ఉన్నారంటే బయటి ఊళ్ళవాళ్ళు నవ్వుతారు. నవ్వనీ. ఆ గిన్నె ఉప్పలమ్మది. రెండు మైళ్ళ అవతల పల్లెలో పిండిన పాలు, పుష్యమాసం చలిగాలిలో, బండల దారి వెంట, నెత్తిమీద గంపలో ఊగుకుంటూ వచ్చినా పొదుగులో ఎంత వెచ్చగా ఉన్నాయో అంత వెచ్చగానే కోస్గి చేరేవి. కిరాణా దుకాణం సావిత్రమ్మ అయితే ఉప్పలమ్మ పుణ్యాన కుంపటి కొనడమే మానేసిందనీ, తెల్లవారగానే ఆ గిన్నె ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటుందనీ చెప్పుకునేవారు. అందులో సగం అబద్ధం. సావిత్రమ్మ మహా పిసినారి, ఆమె ఇంట్లో కుంపటి అంతకుముందు కూడా లేదు.

వేడికి అంత విలువ ఎందుకంటే, ఆ రోజుల్లో పాలకు వేడే సాక్షి. బావినీళ్ళు కలిపితే పాలు చల్లబడతాయి. కాబట్టి చల్లటివి నీళ్ళపాలు, వెచ్చటివి అచ్చమైన పాలు. ఇది ఏ పుస్తకంలోనూ రాసి లేదు గానీ కోస్గిలో ప్రతి గడపకూ తెలుసు. ఇంటావిడ వాకిట్లోకి వచ్చి, ముందు గిన్నెను అరచేత్తో తాకి చూసి, ఆ తర్వాతే చెంబు ముందుకు పెట్టేది. ఉప్పలమ్మ గిన్నె తాకినవాళ్ళెవరూ రెండోమాట అనలేదు.

పోలీస్ యాక్షన్ జరిగిన మరుసటేడు ఆమె ఆ పల్లెకు కోడలై వచ్చింది. వస్తూ వస్తూ తల్లిగారింటి నుంచి ఒక దుడ్డెను వెంట తోలుకొచ్చింది. ఆ దుడ్డె పెరిగి బర్రె అయి, దాని కడుపున పుట్టిందే నుదుట తెల్లమచ్చ ఉన్న చుక్కబర్రె. భర్త మల్లేశం నాగార్జునసాగర్ కట్ట పనికి రాళ్ళు మోయడానికి పోయాడు. ఆరునెలలకోసారి ఇంటికొచ్చి, కట్ట ఎంత ఎత్తు లేచిందో తల్లికి చేతులెత్తి చూపించేవాడు. ఎంత ఎత్తినా చేతులు ఇంటి దూలానికి తగిలి ఆగిపోయేవి. అందుకని అత్త నర్సింగమ్మ లెక్కలో ఆ మహాకట్ట ఎన్నేళ్ళయినా దూలమంత ఎత్తులోనే ఉండిపోయింది.

ఇంట్లో మిగిలింది అత్తాకోడళ్ళూ, బర్రే, దాని దుడ్డే. తొలికోడి కూయకముందే ఉప్పలమ్మ పొయ్యి రాజేసి, ఇత్తడి గిన్నెను దాని పక్కన బోర్లించి పెట్టేది. గిన్నె వెచ్చబడ్డాక దానిలోకే పాలు పిండేది. వెంటనే మూతపెట్టి, ఎండుగడ్డి పరిచిన గంపలో కూర్చోబెట్టి, నాలుగు మడతల గొంగడి కప్పి, అంచులు చుట్టూ దోపేది. కన్నబిడ్డకు కూడా అంత జాగ్రత్తగా కప్పరని అత్త దెప్పేది. బిడ్డలు కదిలి దుప్పటి తన్నేస్తారు, పాలు తన్నవు కదా అని ఉప్పలమ్మ జవాబు. ఆ తర్వాత గంప నెత్తికెత్తుకుని నడక. దారిలో ఎవరు పలకరించినా ఆగేది కాదు. వేడి పోతే తన మాట పోయినట్టే అనుకునేది.

అట్లా పదకొండేళ్ళు గడిచాయి. పన్నెండో ఏట కోస్గి ఊరిచివర ఒక ధర్మసంస్థ వాళ్ళు కాన్పుల దవాఖాన తెరిచారు. బాలింతలకు రోజూ పాలు కావాలి. ఉప్పలమ్మ వేడిపాల సంగతి విని వాళ్ళే కబురు పెట్టారు. మొదటి ఏడాది అంతా సాఫీగా సాగింది. నర్సు లీలమ్మ గిన్నె ముట్టుకుని, కళ్ళు మూసుకుని, పోయమనేది.

ఆ మరుసటి చలికాలం, సేర్లు పోయి లీటర్లు వచ్చిన రోజుల్లో, వెంకటరాజం అనే కాంపౌండర్ కొత్తగా వచ్చాడు. నల్లగొండ మనిషి, హైదరాబాదులో చదివినవాడు, ఉతికిన తెల్లకోటు, చెవి వెనక పెన్సిలు. పెన్సిలు మొన ఎప్పుడూ అరగలేదంటే దాంతో ఆయన ఎంత రాసేవాడో ఎవరికి వాళ్ళు ఊహించుకోవచ్చు. వస్తూ వస్తూ ఆయన ఒక అట్టపెట్టెలో పాలు చూసే గాజుపుల్ల తెచ్చాడు. కింద ఉల్లిగడ్డలాంటి బుడ్డి, అందులో సీసపు గుండ్లు, పైన సన్నటి మెడ, ఆ మెడ మీద ఒక ఎర్రగీత. పొడుగాటి గాజుగ్లాసులో పాలు పోసి పుల్లను వదిలితే అది నిలువునా తేలుతుంది. పాలు చిక్కగా ఉంటే ఎర్రగీత పైకి కనిపిస్తుంది. పలచనైతే పుల్ల కిందికి దిగి గీత మునిగిపోతుంది. మునిగిందా, నీళ్ళు కలిపినట్టే.

గాజుపుల్లతో పాటు ఆయన ఇంకొకటి కూడా పెట్టించాడు. దవాఖాన గేటు పక్కన నల్లరంగు పూసిన రేకు. పైన తెల్లరంగుతో 'పాలలో నీళ్ళు కలుపువారు' అని రాయించి, కింద పేర్లకు జాగా వదిలాడు. మూడుసార్లు గీత మునిగితే పేరు పడుతుంది. మూడోసారి పాలు తేకుండా ఎగ్గొట్టినా పడుతుంది, ఒప్పుకున్నట్టే లెక్క. నెల తిరగకముందే ఒక పేరు పడనే పడింది. దశరథం అని, దవాఖానకే పాలు పోసే పొరుగూరి ఆయన. ఆయన నిజంగానే కలిపాడు, కలిపానని తనే చెప్పుకున్నాడు కూడా. అయినా పేరు పడ్డ పదిరోజులకు కోస్గిలో ఒక్క గడప కూడా ఆయనకు చెంబు చాపలేదు. పాలు మానేసి బొంబాయి రైలెక్కాడు. మనిషి పోయినా పేరు అక్కడే ఉంది, వానకు కూడా చెరగని రంగుతో.

ఉప్పలమ్మకు చదువు రాదు. కానీ ఆ రేకు ముందు నిలబడి ఊరివాళ్ళు పైకి చదువుతుంటే విన్నది. దశరథం పేరు కింద ఉన్న నల్లటి ఖాళీ జాగాను చూసింది. తనకేం ఫికర్ లేదనుకుంది. నీళ్ళు కలిపినవాళ్ళకు కదా భయం.

దశరథం తర్వాత ఆమె వంతు ఒక సోమవారం వచ్చింది. లీలమ్మ అలవాటు కొద్దీ గిన్నె తాకి, ఎంత వెచ్చగున్నయో అని మురిసింది. వెంకటరాజం గ్లాసు నింపి పుల్ల వదిలాడు. పుల్ల ఒకసారి మునిగింది, తేలింది, ఊగింది, ఊగి ఊగి ఎర్రగీతను పాలలో దాచేసుకుని నిలబడింది.

"ఉప్పలమ్మా, నీళ్ళు కలిపినవ్" అన్నాడు వెంకటరాజం.

"కలపలే సారూ."

"నేనంటలేను. పుల్ల అంటాంది."

గాజుపుల్లతో వాదన ఎట్లా పెట్టుకోవాలో ఆమెకు తెలియలేదు. మనిషైతే ఒట్టు పెట్టించవచ్చు, ఎదురు ప్రశ్న వేయవచ్చు. దీనికి నోరు లేదు, చెవుల్లేవు, తప్పు మోపడం ఒకటే వచ్చు. పాలను తిప్పి పంపారు. ఇంటికి తిరిగొస్తుంటే నెత్తిమీద గంప వచ్చేటప్పటికంటే బరువనిపించింది.

ఆమెను అంతకంటే బాధపెట్టింది చెన్నయ్య సంగతి. చెన్నయ్య కోస్గిలోనే ఉండి, దశరథం పోయాక దవాఖానకు పాలు పోసే రెండో మనిషి. ముందురోజు సాయంత్రం పిండిన పాలనే మట్టికుండలో పోసి, తడి ఇసుకలో దింపి, రాత్రంతా ఆరుబయట మంచులో ఉంచి, పొద్దున్నే తెచ్చేవాడు. తేబోయే ముందు బావి దగ్గర ఒక నిమిషం ఆగేవాడు. ఎందుకు ఆగేవాడో ఊళ్ళో అందరికీ తెలుసు. ఆయన పాలు ముట్టుకుంటే వేలు జివ్వుమనేది. ఇండ్లల్లో ఎవరూ పోయించుకోరు. కానీ ఆ సోమవారం ఆయన పాలల్లో ఎర్రగీత దర్జాగా పైకి తేలి నిలబడింది. చెన్నయ్య తన అదృష్టానికి తనే బిత్తరపోయి, దేవుడు ఎన్నాళ్ళకో తన వైపు చూశాడని అదే రోజు కొబ్బరికాయ కొట్టొచ్చాడు.

ఇంట్లో అత్తాకోడళ్ళు కూర్చుని తప్పు ఎక్కడుందో వెతికారు. గిన్నె కడిగిన తడి మిగిలిందేమో అన్నది నర్సింగమ్మ. మేత బలంగా లేదేమో అన్నది ఉప్పలమ్మ. చుక్కబర్రెకు ఆ సాయంత్రం పత్తిగింజలు నానబెట్టి పెట్టారు, గానుగచెక్క పెట్టారు, ఇంట్లో ఉన్న బెల్లమంతా పెట్టారు. దాని దర్జా చూసి పక్కింటి ఎద్దులు నోరు తెరిచి నిలబడిపోయాయట. గిన్నెను తుడిచి, పొయ్యి పక్కన ఇంకో గడియ ఎక్కువసేపు కాచారు. పాలు పిండాక నాలుగు మడతల గొంగడి చాలదని అత్త కప్పుకునే గొంగడి కూడా తీసి చుట్టారు. అచ్చమైన పాలని పుల్లకు తెలియజెప్పాలి కదా, ఇంకాస్త వేడిగా పట్టుకుపోతే దానికే తెలుస్తుందనుకున్నారు. ఆ పల్లెలో ఎవరిని అడిగినా అదే సలహా చెప్పేవారు.

మంగళవారం పుల్ల సోమవారం కంటే లోతుకు దిగింది.

"నిన్నటి కంటే ఎక్కువ కలిపినవ్" అన్నాడు వెంకటరాజం. కోపంగా అనలేదు. జాలిగా అన్నాడు, అదే ఆమెను కోసేసింది. రేపు మూడోసారి అని గుర్తుచేశాడు. రేకు వైపు చూపించలేదు గానీ ఆమె కళ్ళు వాటంతటవే అటు పోయాయి. దశరథం పేరు కింద జాగా అట్లాగే ఉంది, సరిగ్గా ఒక పేరు పట్టేంత.

ఆ రోజు ఆమె ఇండ్లల్లో పాలు పోయడానికి కూడా పోలేదు. పేరు పడకముందే జనం ముఖాలు ఎట్లా ఉంటాయో చూడబుద్ధి కాలేదు. ఇంటికొచ్చి గంప దించి గోడకు చేరగిలబడింది. నర్సింగమ్మ పక్కన కూర్చుని, రేపు పోకపోయినా పేరు రాస్తారు కాబట్టి పోవడమే మేలని, పోతే కనీసం ముఖం మీద ముఖం పెట్టి మాట్లాడొచ్చని చెప్పింది. మాట్లాడడానికి ఏముందని కోడలు అడిగింది. పాలు దారిలో మారిపోయాయని ఎవరో అనొచ్చు, గిన్నెలో నీళ్ళున్నాయని అనొచ్చు, చీరకొంగులో దాచుకొచ్చానని కూడా అనొచ్చు.

నర్సింగమ్మ చుక్కబర్రె వైపు చూసింది. "గట్లయితే పాలు తీస్కపోకు. బర్రెనే తోల్కపో" అన్నది.

బుధవారం తెల్లవారేసరికి కోస్గి దారిలో ఒక ఊరేగింపు నడిచింది. ముందు ఉప్పలమ్మ, చేతిలో పలుపు. పలుపు చివర చుక్కబర్రె. దాని వెనక దుడ్డె, ఎందుకంటే దుడ్డె మూతి పెట్టి పొడవందే చుక్కబర్రె చుక్క పాలు కూడా విడవదు. దుడ్డె వెనక కర్ర పట్టుకుని నర్సింగమ్మ. ఎక్కడికని అడిగినవాళ్ళకు దవాఖానకని చెప్పింది ఉప్పలమ్మ. బర్రెకు కాన్పా అని ఒకరు అడిగారు. కోస్గి చేరేలోపు కవలలని కూడా తేలిపోయింది. పనులున్నవాళ్ళు పనులు మానుకుని వెనక నడిచారు, పనుల్లేనివాళ్ళు ముందే చేరుకున్నారు. గేటు దగ్గర పోగైన జనాన్ని చూస్తే అంగడి రోజు కూడా చిన్నబోవాలి. ఖాళీ కుండ చంకనపెట్టుకుని చెన్నయ్య కూడా అందులోనే ఉన్నాడు. ఆయన పాలు అప్పటికే పరీక్ష నెగ్గి లోపల గిన్నెలోకి చేరాయి.

వెంకటరాజం వరండాలోకి వచ్చి చూసి, మెట్ల మీదే ఆగిపోయాడు.

"బర్రెను గిట్ల తోల్కొచ్చినవేందమ్మా?"

"మీ గిన్నె ఇయ్యుండ్రి సారూ. మీ ముంగట పిండుత. నా చేతులు కూడ మీరే చూడుండ్రి, తడి గిట్ల ఉన్నదేమో."

ఆయన తప్పించుకోవడానికి వీల్లేకపోయింది. లీలమ్మ లోపలికి పోయి పొడి గిన్నె తెచ్చింది, తుడిచిందాన్నే మళ్ళీ తుడిచి ఇచ్చింది. దుడ్డెను వదిలారు. అది నాలుగు గుద్దులు గుద్దింది, చుక్కబర్రె కళ్ళు సగం మూసింది. ఉప్పలమ్మ దుడ్డెను అత్త చేతికిచ్చి, మోకాళ్ళ మధ్య గిన్నె ఇరికించుకుని పిండింది. అంత జనంలో పాలధార గిన్నెను తాకే చప్పుడు తప్ప ఇంకో చప్పుడు లేదు. నురుగు కట్టి, ఆవిర్లు పోతున్న పాలను తీసుకెళ్ళి వెంకటరాజం వరండా పిట్టగోడ మీద పెట్టిన గాజుగ్లాసులో పోశాడు. పుల్ల వదిలాడు.

ఎర్రగీత మునిగింది.

జనం ఒక్కసారిగా ఊపిరి వదిలారు. ఆ తర్వాత ఎవరో కిసుక్కుమన్నారు, దాంతో అందరికీ నవ్వు ఆగలేదు. నీళ్ళు బర్రె లోపలే కలిశాయని ఒకరు, పొదుగుకు బావి తవ్వారేమో చూడమని ఒకరు. లీలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వెంకటరాజం ఒక్కడే నవ్వలేదు. పుల్ల తప్పంటే దశరథం పేరు ఏం చేయాలి, పుల్ల ఒప్పంటే కళ్ళెదుట జరిగింది ఏమనాలి?

"పొద్దుగాల్నే చెరువుల పడి నీళ్ళు తాగొచ్చిందా గీ బర్రె?" అని అడిగాడు చివరికి.

"మా ఊరి చెరువు ఎండి రెండేండ్లాయె సారూ. గది తాగాల్నంటే మన్ను తాగాలె" అన్నది నర్సింగమ్మ.

బర్రెల తీరే అంత, కొన్నిటి పాలు పుట్టుకతోనే నీళ్ళుంటాయని ఆయన అంటుంటే, అట్లయితే పేరు బర్రెది రాయమని జనంలోంచి ఎవరో సలహా ఇచ్చారు. మాటలు పెరిగాయి. ఒకరినొకరు తోసుకుంటూ అందరూ మాట్లాడుతున్నారు.

ఉప్పలమ్మ మాత్రం గ్లాసు ముందు నిలబడి పుల్లనే చూస్తోంది. తనను దొంగను చేసిన దాన్ని కళ్ళారా చూసుకోవాలని నిలబడ్డది. పాలు కాచేటప్పుడు పొంగు వచ్చేదాకా రెప్పవేయకుండా చూసే అలవాటు కళ్ళకు ఉండనే ఉంది. పిట్టగోడ మీదుగా చలిగాలి కొడుతోంది. మొదట నురుగు అణిగింది. ఆ తర్వాత చాలాసేపు ఏమీ కాలేదు. ఆ తర్వాత పాలపైన, పుల్ల మెడను ఆనుకుని, నువ్వుగింజంత ఎరుపు కనిపించింది.

ఆమె తన కళ్ళను నమ్మలేదు. వంగి చూసింది. నువ్వుగింజ జొన్నగింజంత అయింది.

"సారూ. పుల్ల లేస్తాంది."

ఎవరూ వినలేదు. రెండోసారి అనేసరికి లీలమ్మ వచ్చి చూసింది. మూడోసారికి వెంకటరాజం వచ్చాడు. పుల్ల గ్లాసు అంచుకు అతుక్కుని ఉంటుందని వేలితో మీటాడు. పుల్ల ఊగి మళ్ళీ అక్కడికే వచ్చి నిలిచింది. ఎర్రగీత సగం బయటికి ఉంది.

ఉప్పలమ్మ గ్లాసును చేత్తో తాకింది. పన్నెండేళ్ళకు పైగా ఏ స్పర్శను కాపాడడానికి రెండు మైళ్ళు ఆగకుండా నడిచిందో, ఆ వెచ్చదనం గ్లాసులో సగం పోయింది. వేడి దిగుతుంటే పుల్ల లేస్తోంది. ఆ రెండూ ఆమె మనసులో ఒకదానికొకటి తగిలాయి.

"లీలమ్మా, జర కుండల నీళ్ళు ఒక తపేలల తెస్తవా? సల్లటియి."

లీలమ్మ తెచ్చింది. వరండా మూల మట్టికుండలో రాత్రంతా ఉన్న నీళ్ళు, పళ్ళు జివ్వుమనే చల్లదనం. గ్లాసును అందులో నిలబెట్టారు. జనం మెట్లెక్కి మీద పడ్డారు. వాళ్ళ కళ్ళముందే పుల్ల నెమ్మదిగా, ఎవరో కింద నుంచి వేలితో నెడుతున్నట్టు లేచింది. ఎర్రగీత పూర్తిగా బయటపడింది. ఇంకా లేచి, గీత కింద గోరంత మెడ కూడా చూపించింది. అంత చిక్కటి పాలు ఆ దవాఖానకు అంతకుముందు వచ్చి ఉండవు, వచ్చినా ఆ పుల్ల ఒప్పుకుని ఉండదు.

ఇది మాయ అన్నాడు వెంకటరాజం. అట్లయితే మాయను వెనక్కి తిప్పుదామని ఉప్పలమ్మ, బాలింతల స్నానానికి కాగుతున్న నీళ్ళు తెప్పించి తపేలలో మార్చింది. పుల్ల దిగింది. గీత మునిగింది. మళ్ళీ కుండనీళ్ళు. మళ్ళీ లేచింది. చూస్తున్నవాళ్ళు పిల్లల్లా ఇంకోసారి, ఇంకోసారి అన్నారు. ఆ పుల్ల ఆ పూట ఎక్కిదిగినన్ని మెట్లు దవాఖానకు కూడా లేవు.

"ఏం జరిగిందో చెప్పు మరి" అన్నాడు వెంకటరాజం. ఆ గొంతులో అధికారం లేదు, తెలుసుకోవాలనే ఆరాటమే ఉంది.

"నాకేం తెలుసు సారూ, నేను చూసిందే చెప్త. కాగిన నెయ్యి బుడ్డినిండ పోసి పెడ్త. తెల్లారెవరకు నడుమల గుంత పడ్తది. పిల్లి తినలే, ఎవరు తీయలే. సల్లవడి దగ్గరికయితది, గంతే. పాలు గూడ గట్లనే ఉన్నట్టుంది. ఎండకాలం ఆరుబయట పండుకుంటే ఒక్కొక్కలం కాళ్ళు చేతులు చాపి మంచమంత పరుసుకుంటం. చలికాలం గదే మంచంల ముగ్గురం ముడుసుకుని పడ్తం. మనుషులు పెరగలే, తగ్గలే. వేడిల పాలు చాపుకుంటయి, పుల్లకు సందు దొర్కుతది, దిగుతది. సల్లగయితే ముడుసుకుంటయి, సందు లేదు, పుల్లను మీదికి నూకుతయి."

వెంకటరాజం గబగబా లోపలికి నడిచాడు. గాజుపుల్ల వచ్చిన అట్టపెట్టె తెచ్చి, పుల్ల పగలకుండా చుట్టి పంపిన కాగితం తీసి, మడతలు విప్పి చదివాడు. ఇంగ్లీషు కాగితం. ఇన్నాళ్ళూ దాన్ని చెత్తకాగితమనే అనుకున్నాడు. సగంలో ఆయన పెదాలు కదలడం ఆగిపోయింది. ఈ పుల్లను అరవై ఫారన్‌హీట్ డిగ్రీల దగ్గర, అంటే ఇంచుమించు కుండనీళ్ళంత చల్లగా ఉన్నప్పుడు మాత్రమే చూడవలెను, వేడి పెరిగితే పాల సాంద్రత తగ్గును అని ఉందని, చదువు మధ్యలో మానేసినవాడు తప్పు ఒప్పుకున్నట్టు నేలవైపు చూస్తూ చెప్పాడు. సాంద్రత అంటే ఏందని నర్సింగమ్మ అడిగింది. మీ కోడలు ఇప్పుడు చెప్పిందే అన్నాడు.

ఆ మాటతో ఉప్పలమ్మ రెండు రోజులుగా బిగబట్టుకున్నది ఏదో ఒంట్లోంచి జారిపోయినట్టయి, వరండా మెట్టు మీద కూర్చుండిపోయింది. ఏడవలేదు. దీర్ఘంగా ఒక ఊపిరి వదిలి, ఇంకొకటి వదిలింది. అత్త వచ్చి పక్కన కూర్చుని ఆమె వీపు నిమిరింది.

ఇక మిగిలింది లోపల ఉన్న చెన్నయ్య పాలగిన్నె. అది లీలమ్మకే తోచింది. పొద్దున నెగ్గిన పాలు కొంచెం గ్లాసులో పోసి, ఉప్పలమ్మ పాలు ఎంత వెచ్చగా ఉండి ఓడాయో అంత వెచ్చగా కాచి, పుల్ల వదిలింది. పుల్ల బావిలో చేద వదిలినట్టు దిగిపోయింది. అందరూ చెన్నయ్య కోసం చూశారు. ఖాళీ కుండ మాత్రం గేటు పక్కన ఉంది. మర్నాటి నుంచి చెన్నయ్య పాలు ఒక్కసారిగా చిక్కబడ్డాయి. బర్రెకు మేత మార్చానని అందరికీ చెప్పుకున్నాడు.

అరవై డిగ్రీలు కొలవడానికి దవాఖానలో సాధనం లేకపోయింది. జ్వరం చూసే పుల్ల తొంభైనాలుగు కింద ఏదీ చదవదు, అంత చల్లటి మనిషితో దానికి పనిలేదు. అందుకని వెంకటరాజం తనే ఒక పద్ధతి పెట్టాడు. ఎవరి పాలైనా సరే, మట్టికుండ నీళ్ళ తపేలలో నిలబెట్టి, ఆ నీళ్ళంత చల్లబడ్డాకే పుల్ల వేయాలి. దశరథం ఇంటికి కూడా కబురు పెట్టాడు. నేను కలిపింది నిజమే, నా పేరు అట్లాగే ఉండనీ, బొంబాయిలో నాకిక్కడ బాగానే ఉంది అని ఆయన ఉత్తరం రాయించాడట. అయినా వెంకటరాజం ఆ రేకును తీయించేశాడు. దాన్ని వంటింట్లో గాలికి అడ్డం పెట్టుకున్నారు.

ఉప్పలమ్మ ఆ తర్వాత కూడా చాలా ఏళ్ళు పాలు పోసింది. ఇండ్లకు వేడిగా, దవాఖానకు వేడిగా. చల్లార్చుకోవడం వాళ్ళ పని అన్నది. కోస్గి ఇంటావిడలకు ఎవరెంత చెప్పినా సాంద్రత తలకెక్కలేదు. అరచేత్తో గిన్నె తాకి చూడడం మానలేదు. ఆమె కూడా మానిపించలేదు.

ఆ బుధవారం మాత్రం ఆమె బర్రెను తోలుకుని ఎండెక్కాక ఇల్లు చేరింది. దారిలో ఎవరు పలకరించినా ఆగి మాట్లాడింది. మోయడానికి గిన్నె లేదు, చల్లబడడానికి పాలు లేవు. ఇంటికొచ్చి జొన్నగడక తాగి, కొట్టం ముందు నీడలో గడ్డి మీద ఒరిగింది. పెళ్ళయి వచ్చినప్పటి నుంచి ఆమె పగలు కన్నుమూసింది లేదు. ఆ రోజు మాత్రం కాళ్ళుచేతులు చాపుకుని, నోరు కొంచెం తెరుచుకుని, పొద్దు వాలేదాకా నిద్రపోయింది. నర్సింగమ్మ లేపబుద్ధి కాక, దుడ్డె పలుపు ముడి కూడా చూసుకోక, కూర్చున్నచోటే తనూ కునికింది.

లేచి చూసేసరికి దుడ్డె చుక్కబర్రె కింద నిలబడి ఉంది. మూతినిండా నురుగు, కడుపు డోలులాగా ఉబ్బి ఉంది. పొదుగు తడిమితే ఒక్క చుక్క లేదు. అత్త ఏమంటుందోనని కోడలు, కోడలు ఏమంటుందోనని అత్త ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"తాగనీ. గది గూడ పొద్దుగాల రెండు మైళ్ళు నడిసొచ్చింది" అని ఉప్పలమ్మ మళ్ళీ గడ్డి మీద ఒరిగింది.